చిక్కుడు పాదు కింద జాలీ

ఇరవై రెండో రోజున కురుమమ్మ పనిలోకి వచ్చింది.

రాంనగర్ నుంచి నడిచి వచ్చి, చిక్కడపల్లి గల్లీలో ప్రెస్సు షట్టరు ముందు చెప్పులు విడిచి, ఎడమ చేతిని కొంగులో చుట్టుకుని, కుడి చేత్తో గడపను తాకి కళ్ళకద్దుకుని లోపలికి నడిచింది. ఆమెకు ఎవరూ చోటు చూపించలేదు. కటింగ్ మిషన్‌కు కుడి పక్కన, గోడకూ ఇనప బల్లకూ నడుమ ఒక మనిషి నిలబడేంత ఖాళీ ఇరవై రెండు రోజులుగా అలాగే ఉంది. ఆమె వెళ్ళి అందులో నిలబడింది.

మేడ మెట్ల మీద నుంచి సుబ్బులు చూస్తోంది. ప్రెస్సు యజమాని జోగారావు భార్య ఆమె. కింద ప్రెస్సు, పైన ఇల్లు. పెళ్ళి శుభలేఖల్లో తప్పులు దిద్దడం, ఆఫీసులకు ఉత్తరాలు రాయడం ఆమె వంతు. మిషన్లున్న హాల్లోకి రోజుకు ఒకసారి, దిద్దిన ప్రూఫులు ఇవ్వడానికి మాత్రమే దిగుతుంది. ఆ రోజు ప్రూఫులు చేతిలో పట్టుకుని మూడో మెట్టు మీద ఆగిపోయింది.

కురుమమ్మ కొంగు విప్పింది. చూపుడు వేలూ, మధ్య వేలూ రెండో కణుపు దగ్గర ముగిసి, గుడ్డకట్టు కింద ఒకే పొడుగులో ఉన్నాయి. కత్తి వాటిని కాగితం అంచును కోసినంత తిన్నగా కోసింది.

"వొచ్చినవా వదినే," అన్నాడు పీరయ్య. మిషన్ నడిపేవాడు అతనే. ఇద్దరిదీ పాలమూరు జిల్లాలో ఒకే ఊరు. ఆ మాట అంటున్నప్పుడు అతడు ఆమె ముఖం వైపు గాని, చేతి వైపు గాని చూడలేదు. లివర్‌కు అంటిన గ్రీజును గుడ్డతో తుడుస్తూ, తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

"రాక? ఇంట్ల గూసొని గోళ్లు గిల్లుకోవాల్నా?" అంది కురుమమ్మ. "గవి గూడ తక్కువనే ఉన్నయి గద ఇప్పుడు."

బైండింగ్ బల్ల దగ్గర ఒకరు నవ్వబోయి ఆపుకున్నారు. పీరయ్య మోటారు స్విచ్చి వేశాడు.

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ వారి నోట్సు రెండు వేల ప్రతులు. దసరానాటి సాయంత్రానికి అందించాలి. పీరయ్య ఒక కట్టను బల్ల మీద నిలబెట్టి, నాలుగంచులూ అరచేతులతో తట్టి, పడుకోబెట్టి, వెనకనున్న కొలత పట్టీకి ఆనించి, ఎడమ చేత్తో లివర్ లాగాడు. ముందుగా ఒక ఇనప దిమ్మె దిగి కాగితాన్ని అదిమి పట్టింది. దాని వెంబడే ముప్పై రెండు అంగుళాల కత్తి ఏటవాలుగా దిగి, కట్టను దాటి, అడుగునున్న చెక్కపట్టీని తాకి పైకి పోయింది. కోసిన అంచు సన్నని పీలికలుగా బల్ల మీద రాలింది. కురుమమ్మ చెయ్యి కత్తి కిందికి వెళ్ళి, పీలికలను ఒక్క తోపుతో కిందికి ఊడ్చి వెనక్కి వచ్చింది. పీరయ్య కట్టను తిప్పాడు, లివర్ లాగాడు. చెయ్యి వెళ్ళింది, వచ్చింది. అలవాటైన చెయ్యి ఎడమది. వెళ్ళి వస్తున్నదీ అదే, కట్టుతో సహా.

సుబ్బులు గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది. నిమిషంలో ఆ చెయ్యి కత్తి కిందికి ఏడుసార్లు వెళ్ళి వచ్చింది.

ఆమె దిగి వచ్చి ప్రూఫులు బల్ల మీద పెట్టింది. "ఇంకో పది రోజులు ఆగకపోయావా కురుమమ్మా? కట్టయినా విప్పలేదు."

"ఏం గాదమ్మా. అది తీస్కునేది తీస్కున్నది. సారు కోడిని గోయిపిచ్చిండు, గుమ్మడికాయ గొట్టిచ్చిండు. ఇగ నా జోలికి రాదు." పాలిచ్చే బర్రెను తట్టినట్టు బల్ల అంచును తట్టింది. "ఈ హాల్ల ఇప్పుడు అందరి కన్న నాకే తక్కువ భయం."

ఆ మాట ఆమె వేళాకోళానికి అనలేదు. తనకు ఇక ఏమీ కాదని లెక్క చూసుకుని, ఆ లెక్క మీద నిలబడి మాట్లాడింది.

మిషన్ కాళ్ళ దగ్గర గచ్చు మీద కుంకుమ నీళ్ళ మరక ఇంకా ఉంది. మొదట పడిన మరకను ఫినాయిలుతో కడిగి, ఆరిన తర్వాత అదే చోట పూజ చేయించి రెండో మరక చేశారు. రెండింటికీ రంగులో తేడా లేదు.

జోగారావు ముందు గదిలోంచి పిలిచాడు. ఆయన ముందు పొడుగాటి ఖాకీ కవరు విప్పి ఉంది.

"ఇలా కూచో సుబ్బులూ. ఆసుపత్రి వాళ్ళు తెలియజేసినట్టున్నారు, లేబర్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఎనిమిది ప్రశ్నలు. పండగ వెళ్ళగానే జవాబు పంపాలిట. నువ్వు శుభ్రంగా ఇంగ్లీషులో రాసిచ్చావంటే సంతకం పెట్టేస్తాను."

ముప్పై ఏళ్ళలో ఆమె రాసిన ఒక్క ఉత్తరాన్ని కూడా ఆయన చదివి సంతకం పెట్టలేదు. చదవనక్కరలేదన్న నమ్మకమే ఆయన ఆమెకు ఇచ్చిన గౌరవం. ఆమె కళ్ళజోడు సవరించుకుని కాగితం తీసుకుంది.

"ఏ పని చేస్తుండగా ప్రమాదం జరిగింది, అని అడిగాడు."

"ముక్కలు ఊడుస్తుండగా. ఒక పీలిక ఇరుక్కుందిట. దానికోసం రెండోసారి చెయ్యి పెట్టింది. పీరయ్య తరువాతి కట్ట వైపు తిరిగి, చూసుకోకుండా లివర్ లాగాడు."

"పీరయ్య చూసుకోలేదని రాయనా?"

"వద్దొద్దు. ఆమె అజాగ్రత్త వల్ల అని రాయి. పాపం, వాణ్ణి ఇరికించడం దేనికి?"

ఆమె రాసింది. కలం ఆపి ఐదో ప్రశ్న చదివింది. "యంత్రానికి కత్తి ముందు రక్షణ ఏర్పాటు అమర్చి ఉందా, అది పని చేస్తోందా?"

"ఉంది. చేస్తోంది."

"ఎక్కడుంది? నేను చూడలేదే."

"మిషన్ కొన్నప్పుడే కంపెనీవాడు ఇస్తాడు కదా. ఉన్నట్టే లెక్క. రాయి సుబ్బులూ, నువ్వు కూడా ఆఫీసరులా అడిగితే ఎలా?"

ఆమె రాసింది. అమర్చి ఉంది, పని చేస్తోంది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా, పంక్తి మీద నిలబడి వచ్చాయి. తెలియని విషయాన్ని తెలిసినట్టు రాసిన వాక్యం కూడా అంతే అందంగా కనిపిస్తుందని ఆమె ఆ క్షణంలో గమనించింది. గమనించి, తరువాతి ప్రశ్నకు వెళ్ళింది. యంత్రం నంబరు, తయారైన సంవత్సరం.

"అది పుస్తకంలో ఉంటుంది," అన్నాడు జోగారావు లేస్తూ. "పైన ఇనప బీరువాలో ఉండాలి. చూసి రాసెయ్యి."

పుస్తకం బీరువా అడుగు అరలో, పాత క్యాలెండర్ల కింద దొరికింది. ఎవరూ తెరవనందున దాని వెన్ను విరగలేదు. మొదటి పేజీలో నంబరు, 1985 అన్న ముద్ర ఉన్నాయి. రాసుకున్న తర్వాత మూసేయవలసింది. చేతికి వచ్చిన అచ్చు కాగితాన్ని చివరిదాకా చదివి గాని దించకపోవడం ఆమెకు చిన్ననాటి నుంచి ఉన్న అలవాటు. మంచం మీద కూర్చుని చదివింది.

పదకొండో పేజీలో రంగుల బొమ్మ ఉంది. కత్తికి ముందు పసుపుపచ్చ జాలీ. నిలువు కడ్డీలు, వాటి మధ్య వేలు దూరనంత సన్నని సందులు. రెండు చివరలా చెవుల్లాంటి పట్టీలు. ఎడమ చెవికి గుండ్రని రంధ్రం, కుడి చెవికి వంకీ తిరిగిన కొక్కెం. జాలీ కిందికి దిగితే గాని లివర్ కదలదు. కత్తి పూర్తిగా పైకి పోతే గాని జాలీ లేవదు. దీనిని తొలగించి యంత్రాన్ని ఏ పరిస్థితిలోనూ నడపరాదని కింద పెద్ద అక్షరాల్లో అచ్చయి ఉంది.

ఆ గుండ్రని రంధ్రం ఆమెకు బాగా తెలుసు. ఏటా ఆషాఢంలో అందులోంచి పురికొస దూర్చి, పిట్టగోడకున్న మేకుకు ముడి వేసేది ఆమే.

కుట్టుమిషన్ సొరుగులోంచి టేపు తీసుకుని డాబా మీదికి వెళ్ళింది. మట్టితొట్టెలో లేచిన చిక్కుడు పాదు జాలీ మీదుగా పాకి, పైన వెదుళ్ళ మీదికి అల్లుకుని ఉంది. ఊదారంగు పూత నిండుగా ఉంది. కొన్ని గెలలకు వేలెడేసి పిందెలు దిగాయి. ఆకులు పక్కకు తప్పించి కొలిచింది. ముప్పై నాలుగు అంగుళాల పొడుగు, పదహారు వెడల్పు, పుస్తకం చెప్పినంతే. తుప్పు పొక్కుల మధ్య అక్కడక్కడ పసుపుపచ్చ రంగు మిగిలి ఉంది.

పదకొండేళ్ళుగా ఆమె దీని మీద కాయలు కోసింది. మిగిలినవి పొట్లాలు కట్టి కింద పనివాళ్ళకు పంచింది. పోయిన కార్తికంలో కురుమమ్మ పొట్లం విప్పి చూసుకుని, "లేతగున్నయమ్మా, చేతితోనే తుంచొచ్చు" అంది.

మరునాడు ఉదయం, జోగారావు కాఫీ గ్లాసు ఇంకా దించకముందే, సుబ్బులు పుస్తకం పదకొండో పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది.

"ఓ, ఇదా," అన్నాడాయన. "మిషన్ దిగిన మూడో రోజే తీయించాను. ప్రతి కోతకూ దాన్ని దించాలి, ఎత్తాలి. పని సాగదు. పాదుకు ఏదైనా ఇనప ముక్క చూడమని నువ్వేగా ఆ రోజుల్లో సతాయించావు."

"అన్నాను. అదేమిటో నేను అడగలేదు. మీరు చెప్పలేదు."

"చెబితే ఏం చేసేదానివి?"

ఆమె పుస్తకాన్ని ఇంకాస్త ముందుకు జరిపింది. "ఇప్పుడు బిగించండి."

"ఇప్పుడా? ఎల్లుండి సాయంత్రానికి రెండు వేలు ఇవ్వాలి. వాళ్ళకు క్లాసులు మొదలు. పండగ వెళ్ళాక చూద్దాం. అయినా అమ్మవారికి చేయవలసింది చేశాం కదా."

"అమ్మవారు జాలీ తీయమందా?"

"దుర్గాష్టమి పూట ఏం మాటలవి?" గ్లాసు దించి ఆయన లేచిపోయాడు. అది కోపం కాదు. ఆయన దృష్టిలో ఆ ప్రమాదం పూర్తయిపోయింది. ఆసుపత్రికి తనే ఆటోలో తీసుకెళ్ళాడు, మందులు కొన్నాడు, శాంతి చేయించాడు, తిరిగి వస్తే పని కాదనలేదు. ఇంతకంటే ఒక యజమాని ఏం చేయాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పిన పుస్తకాన్ని ఆయన తెరవలేదు.

ఆమె పుస్తకం తీసుకుని కిందికి దిగింది. పీరయ్య కత్తికి నూనె రాస్తున్నాడు.

"ఈ మిషన్‌కు జాలీ ఉండేదట కదా పీరయ్యా."

"ఉండెనమ్మా. అడ్డమని నేనే ఇడిపిచ్చిన." కొంత గర్వంగానే చెప్పాడు. "జాలి పెడ్తె నిమిషానికి అయిదు కోతలు. లేకుంటె ఏడు. కొత్తగ నేర్శెటోనికి గావాలె జాలి. నాది ఇరవై ఏండ్ల శెయ్యి."

"నీ చెయ్యి బాగానే ఉంది. నేను ఆమె చేతి గురించి అడుగుతున్నాను."

పీరయ్య నూనె డబ్బా మూత బిగించాడు. బిగిసిన మూతను ఇంకొకసారి తిప్పాడు. "మల్ల గట్ల గాకుండ జూస్తనమ్మా," అన్నాడు. స్విచ్చి వేశాడు.

సుబ్బులు వెళ్ళిపోలేదు. కురుమమ్మ చేతికట్టు మణికట్టు దగ్గర సడలి, బెత్తెడు గుడ్డ కొస వేలాడుతోంది. చెయ్యి వెళ్ళినప్పుడల్లా ఆ కొస వెంట వెళ్ళి, చెయ్యి వచ్చిన తరువాత ఒక్క లిప్త ఆలస్యంగా వస్తోంది. ఒకటి, రెండు, మూడు. నాలుగోసారి కత్తి దిగింది. చెయ్యి అప్పటికే బయట ఉంది. కొస సగమే బయటికి వచ్చింది.

ఇంకెవరూ చూడలేదు. కురుమమ్మ పీలికలు ఊడ్చింది. పీరయ్య కట్టను తిప్పాడు. సుబ్బులు వంగి, బల్ల కింది కుప్పలో వెతికి, రెండంగుళాల గుడ్డ ముక్కను తీసింది. మూడు వైపులా దారాలు చీకిపోయి ఉన్నాయి. నాలుగో వైపు అంచు గీత గీసినట్టుంది. ఆమె దాన్ని పుస్తకంలో పదకొండో పేజీలో పెట్టి మూసింది.

ఆ సాయంత్రం కూరల సంచి పట్టుకుని నారాయణగూడ చౌరస్తా దాకా నడిచి, పుస్తకంలోని కొలత చూపించి ఒక హార్డువేరు షాపులో రెండు బోల్టులు, రెండు నట్లు కొన్నది.

"దేనికమ్మా? మోటారుకా?" అన్నాడు షాపతను.

"పాదుకు," అంది. అది అబద్ధమని వెంటనే తోచి, "కాదు, మిషన్‌కు" అని దిద్దుకుంది.

మహానవమినాడు మధ్యాహ్నం నుంచి మిషన్లు ఆగాయి. మర్నాటి పూజకు వాటిని కిరోసిన్‌తో తుడిచి సిద్ధం చేయాలి. కొబ్బరి పీచు కోసం కురుమమ్మ పైకి వచ్చి, డాబా మీద నిలబడిపోయింది.

"అయ్యో అమ్మా! పూత మీదున్న పాదును గోస్తున్నరేంది? పండుగ పూట పాపం గాదా?"

సుబ్బులు చాకు పక్కన పెట్టింది. జాలీ కడ్డీలకు చుట్టుకున్న తీగలను అప్పటికి సగం దాకా కోసింది. కోసిన చోట నీరు ఊరుతోంది. ఆమె పుస్తకం తెరిచి బొమ్మ చూపించింది. అచ్చులోని జాలీ మీద వేలు పెట్టి, తరువాత ఆ వేలు ఎదుట ఉన్న జాలీ మీద పెట్టింది.

కురుమమ్మ బొమ్మ చూసింది, జాలీ చూసింది. మళ్ళీ బొమ్మ చూసింది. ఆమె ఆ ప్రెస్సుకు వచ్చి ఆరేళ్ళు. ఆ బల్లను ఎప్పుడూ అలాగే చూసింది.

"గిది మన మిషన్‌దా?"

"మన మిషన్‌దే."

"గిదుంటె నా శేతి ఏళ్లు ఉండునా అమ్మా?"

"ఉండేవి."

కురుమమ్మ తొట్టె అంచు మీద మెల్లగా కూర్చుంది. కట్టున్న చేతిని ఒడిలో పెట్టుకుని, కుడి చేత్తో ఒక చిక్కుడు పిందె తుంచి, దాన్ని వేళ్ళ మధ్య నలిపింది. కింద గల్లీలో దసరా పూల బండివాడు బంతిపూలు, బంతిపూలు అని అరుస్తూ పోయాడు.

"మరి కోడినెందుకు గోసిన్రు?" అంది.

సుబ్బులు చాకు అందుకుంది. ఆమె మళ్ళీ తీగలు కోయడం మొదలుపెట్టింది. కొంతసేపటికి కురుమమ్మ లేచి, కుడి చేత్తో కోసిన తీగలను పక్కకు లాగింది. ఇద్దరూ కలిసి తుప్పును కొబ్బరి పీచుతో, ఇటుక పొడితో రుద్దారు. కడ్డీల మధ్య వేరులా ఎండిపోయిన పాత తీగల ముక్కలను పొడిచి తీశారు. జాలీని చెరొక వైపు పట్టుకుని మెట్లు దిగుతుండగా కురుమమ్మ మధ్యలో ఆగింది.

"అమ్మా, నిన్నటిదాంక నాకు భయం లేకుండె. ఇప్పుడు అయితున్నది. గా కత్తి కాడ రేపటి సంది ఎట్ల నిలవడాలె?"

"నిలబడవద్దు, ఇది బిగించేదాకా."

"సారు పొమ్మంటె?"

సుబ్బులు జాలీ బరువును ఇంకో చేతికి మార్చుకుంది. "దిగు. మెట్టు చూసుకో," అంది.

వాళ్ళు దాన్ని తెచ్చి మిషన్‌కు ఆనించారు. జోగారావు చూసి నొసలు ముడిచాడు. "ఇదెందుకిక్కడ?"

"రేపు పూజలో ఉండాలి. ఇది కూడా ప్రెస్సుదే కదా," అంది సుబ్బులు. ఆయనకు అభ్యంతరం కనిపించలేదు. పూజలో పాత తూకం రాళ్ళు కూడా పెడతారు.

దసరానాడు తొమ్మిదింటికి అందరూ తలస్నానాలు చేసి వచ్చారు. మిషన్లకు బంతిపూల దండలు వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆ ప్రెస్సులో ఒక పద్ధతి ఉంది. కొబ్బరికాయ జోగారావు కొడతాడు. పసుపు, బొట్టు మాత్రం ఇంటి ఇల్లాలు పెట్టాలి. ఆమె చెయ్యి పడని మిషన్‌ను ఆ రోజు ఎవరూ నడపరు. మొదటి పని జరిగిన తరువాతే సంవత్సరం మొదలైనట్టు. ఆ హాల్లో సుబ్బులు మాటకు చోటున్నది ఏడాదికి ఆ పావుగంటే. ఆ పావుగంటలోనూ ఇంతవరకు ఆమె మాట్లాడలేదు.

పళ్ళెం పట్టుకుని వరసగా వచ్చింది. అచ్చు వేసే ట్రెడిల్‌కు పెట్టింది. పిన్నులు కొట్టే మిషన్‌కు, ఇంకు డబ్బాలకు, తరాజుకు పెట్టింది. కటింగ్ మిషన్ దగ్గరకు వచ్చి పళ్ళెం బల్ల మీద దించింది.

"దీనికి జాలీ బిగించండి. బిగించిన తరువాత పెడతాను."

కర్పూరం వెలిగించబోతున్న జోగారావు అగ్గిపుల్ల పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పుల్ల వేలిదాకా కాలింది.

"సుబ్బులూ," అన్నాడు గొంతు తగ్గించి. "నలుగురిలో ఏమిటిది? సాయంత్రానికి సరుకు వెళ్ళాలని తెలుసు కదా."

"తెలుసు. అందుకే తొమ్మిదింటికే చెబుతున్నాను."

ఆయన మేడ మెట్ల వైపు చూశాడు. కోడలు భవ్య ఊళ్ళో ఉంటే బొట్టు పెట్టడానికి పిలిచేవాడే. ఆమె పండగకు పుట్టింటికి విజయవాడ వెళ్ళింది. చివరకు ఆయనే కుంకుమలో వేలు ముంచి మిషన్ చక్రానికి మూడు చోట్ల అద్దాడు.

"అయింది. పీరయ్యా, కానీ."

పీరయ్య కదలలేదు. చేతులు కట్టుకుని గచ్చు మీది మరకను చూస్తున్నాడు.

"అమ్మ పెట్టాలె సారు," అన్నాడు. "ఏటేట అమ్మనే పెడ్తది. నెల గాలేదు, నెత్తురు జూసిన మిషను. అమ్మ శెయ్యి పడకుంట నేను లివర్ పట్ట."

"నేను గూడ ఆడ నిలవడ," అంది కురుమమ్మ. ఆమె తన చోట్లో లేదు. షట్టరు పక్కన, మిగిలిన వాళ్ళ మధ్య ఉంది. కురుమమ్మ ఆ హాల్లో దేనికైనా కాదనడం అదే మొదటిసారి.

ముందు గదిలో ఫోను మోగింది. అశోక్‌నగర్ నుంచి అని అందరికీ తెలుసు. అది మోగి మోగి ఆగిపోయింది. ఒక్క క్షణం తరువాత మళ్ళీ మొదలుపెట్టింది.

"ఎంతసేపు పడుతుంది బిగించడానికి?" అన్నాడు జోగారావు, పీరయ్యను కాకుండా గోడను అడుగుతున్నట్టు.

"గంట సారు. గని బోల్టులు లెవ్వు. ఇయ్యాల దుకాన్లన్ని బంద్."

సుబ్బులు పళ్ళెంలో తమలపాకు తొలగించింది. కర్పూరం పక్కన రెండు బోల్టులు, రెండు నట్లు ఉన్నాయి. వాటికి అప్పటికే పసుపు రాసి ఉంది.

పీరయ్య వాటిని తీసుకుని అరచేతిలో తిప్పి చూశాడు. మిషన్ పక్క పలక విప్పి లోపలికి చెయ్యి పెట్టాడు. జాలీ లేకపోయినా లివర్ కదిలేటట్టు లోపల ఒక కొక్కేన్ని పైకి ఎత్తి, తీగతో కట్టేసి ఉంది. పదకొండేళ్ళ గ్రీజులో ఆ తీగ నల్లబడిపోయింది. మెలిక విప్పబోతే విరిగి చేతికి వచ్చింది.

"నేను గట్టిందే," అన్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కొంతసేపు పట్టుకుని, చివరకు చొక్కా జేబులో వేసుకున్నాడు.

గంట పట్టలేదు. జాలీని చెవుల దగ్గర బిగించి, కీళ్ళలో నూనె పోసి, నాలుగుసార్లు ఎత్తి దించాడు. ఐదోసారి ఎత్తి ఉంచి, మోటారు వేసి, కోతకు కాదు, పరీక్షకు లివర్ లాగాడు. అది కదలలేదు. రెండు చేతులతో లాగాడు. కాలు ఆన్చి, వెనక్కి వాలి, తన ఇరవై ఏళ్ళ బలమంతా పెట్టి లాగాడు. చక్రం తిరుగుతూనే ఉంది, కత్తి పైనే ఉంది.

"ఇగ రాదు," అన్నాడు, రొప్పుతూ, కొంచెం నవ్వుతూ. "వట్టిగ రాదు."

సుబ్బులు పళ్ళెం ఎత్తింది. చక్రం దగ్గరికి వెళ్ళలేదు. కిందికి దించిన జాలీ నడిమి కడ్డీకి అడుగు నుంచి పైదాకా పసుపు రాసి, దాని మీద మూడు చోట్ల కుంకుమ పెట్టింది. కర్పూరం వెలిగింది. అందరూ కళ్ళకద్దుకున్నారు. మొదటి కోత సక్రమంగా తెగింది. జనం పక్కకు జరిగిన తరువాత జోగారావు పీరయ్య చెవి దగ్గరికి వచ్చాడు.

"ఈ రెండు వేలూ అయ్యేదాకా తీసి పక్కన పెట్టరా. రేపు నేనే దగ్గరుండి బిగింపిస్తాను."

"బొట్టు వెట్టినంక ఎట్ల తీస్త సారూ?" అన్నాడు పీరయ్య. ఎదురు చెప్పినట్టు కాదు, నిజంగా అడిగాడు. "మంచిగుంటదా?"

జోగారావు చుట్టూ చూశాడు. బోల్టు విప్పడానికి ముందుకు వచ్చే చెయ్యి ఆ హాల్లో ఒక్కటి కూడా లేదు. ఆయన చెయ్యి కూడా జేబులోనే ఉంది.

సుబ్బులుకు ఆ మాటలు వినిపించాయి. పుస్తకంలో పెద్ద అక్షరాలు పదకొండేళ్ళు అచ్చయి ఉండి చేయలేని పని, ఒక మనిషి రెండు వేళ్ళు తెగి గచ్చు మీద పడినా జరగని పని, చిటికెడు కుంకుమతో జరిగింది. ఇది సంతోషించవలసిన విషయంగా ఆమెకు తోచలేదు. ఈ దేశంలో చదువుకున్న వాళ్ళు సిగ్గుపడవలసిన విషయంగా తోచింది. కాని ఆమె చేతికి అందినది అదొక్కటే. దాన్ని వాడింది. చెంబు నీళ్ళతో వేళ్ళు కడుక్కుని ముందు గదిలోకి వెళ్ళి, ఆఫీసుకు రాసిన జవాబును చించి, కొత్త కాగితం తీసుకుంది.

పన్నెండింటికి ఆ కాగితం జోగారావు ముందు పెట్టింది. ఆయన అలవాటుగా కలం తీశాడు.

"చదివి పెట్టండి," అంది.

"నువ్వు రాసిందేగా."

"అందుకే."

ఆయన కళ్ళజోడు వెతుక్కుని చదివాడు. నాలుగో జవాబు దగ్గర ఆగాడు. అక్కడ అజాగ్రత్త అన్న మాట లేదు. ఐదో జవాబు దగ్గర మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ప్రమాదం జరిగిననాడు రక్షణ జాలీ యంత్రానికి లేదు. పదకొండేళ్ళుగా మా డాబా మీద ఉంది. ఈ రోజు బిగించాం.

"ఇది పంపితే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు. కురుమమ్మకు రావలసింది వస్తుంది. మీకు రావలసింది మీకు వస్తుంది."

హాల్లోంచి కత్తి దిగిన చప్పుడు వినిపించింది. తరువాత నిశ్శబ్దం. జాలీ లేచిన చప్పుడు, జాలీ దిగిన చప్పుడు. మళ్ళీ కత్తి. మునుపటి కంటే నిదానంగా, కాని ఆగకుండా వస్తోంది.

"మా డాబా మీద, అని రాశావు," అన్నాడాయన.

"అవును. పాదు నాది."

ఆయన ఐదో జవాబును ఇంకొకసారి చదివాడు. అప్పుడు సంతకం పెట్టాడు. సిరా ఆరేదాకా ఊది, కవరులో తనే పెట్టాడు.

సుబ్బులు కవరు తీసుకుని హాలు గుమ్మంలోకి వచ్చింది. కురుమమ్మ తన చోట్లో నిలబడి ఉంది. కట్ట సిద్ధంగా ఉంది, జాలీ దిగి ఉంది, పీరయ్య లివర్ మీద చెయ్యి వేశాడు. కురుమమ్మ ఉన్నట్టుండి ఎడమ చేతిని జాలీకి ఆనించి, తెగిన రెండు వేళ్ళనూ కడ్డీల సందులో పెట్టి నెట్టింది. వెళ్ళలేదు. ఉంగరపు వేలు పెట్టింది. చిటికెన వేలు పెట్టింది. అది గోరు దాకా వెళ్ళి ఆగింది. పక్క సందులో పెట్టి చూసింది. అక్కడా ఆగింది.

"పోతలేదు," అంది, ఎవరితోనూ కాకుండా.

ఇంకో సందు వెతుక్కుంది. పీరయ్య లివర్ లాగలేదు. ఆమె చెయ్యి ఇప్పుడు జాలీకి బయట ఉంది, కత్తి దాన్ని అందుకోలేదు, అతడు ఆగవలసిన పని లేదు. అయినా, ఆమె ఆ చేతిని తనంతట తాను తీసుకునేదాకా, కళ్ళు దాని మీదే ఉంచి, అతడు ఆగాడు.